ఒకే జడ, రెండు తీర్పులు

1981లో న్యూయార్క్‌లోని ఒక ఫెడరల్ కోర్టు ముందుకు జడ గురించిన కేసు ఒకటి వచ్చింది. రెనీ రోజర్స్ అనే నల్లజాతి స్త్రీ అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో పదకొండేళ్ళుగా ఉద్యోగం చేస్తోంది. 1980 సెప్టెంబరులో ఒకరోజు ఆమె తలంతా సన్నసన్న పాయలుగా తీసి, మాడుకు అంటుకునేట్టు వరసలు వరసలుగా అల్లుకుని డ్యూటీకి వచ్చింది. మొక్కజొన్న చేలో సాళ్ళలాగా కనిపిస్తాయి కాబట్టి ఈ అల్లికను అక్కడ కార్న్‌రోస్ అంటారు. ప్రయాణికులతో మాట్లాడే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళు తలంతా ఇలా అల్లుకోకూడదని కంపెనీ నిబంధన. కావాలంటే జడల్ని ముడివేసి, పైన సవరం పెట్టి కప్పుకోమన్నారు. అలా కప్పుకుంటే తలనొప్పి భరించలేకపోతున్నానంది ఆమె. ఈ అల్లిక తన జాతి స్త్రీలు తరతరాలుగా వేసుకుంటున్నదనీ, దాన్ని నిషేధించటం నల్లజాతి స్త్రీగా తన మీద వివక్ష అనీ వాదించింది.

కోర్టు ఒప్పుకోలేదు. పుట్టుకతో వచ్చిన జుట్టు మార్చుకోలేనిది, అల్లిక మార్చుకోగలిగినది, కాబట్టి అల్లికను నిషేధిస్తే జాతి వివక్ష కాదంది. అంతటితో ఆగలేదు. సినిమాలో ఒక తెల్లజాతి నటి ఈ అల్లికను ప్రచారంలోకి తెచ్చిన కొద్దికాలానికే రోజర్స్ దానితో ఉద్యోగానికి వచ్చిందన్న కంపెనీ మాటను కూడా తీర్పులోకి ఎక్కించింది. ఆ సినిమా 1979లో వచ్చిన ‘టెన్’. ఆ నటి బో డెరెక్. సముద్రపు ఒడ్డున పూసలు గుచ్చిన జడలతో ఆమె పరుగెత్తిన దృశ్యం ఆ ఏడాది అమెరికాను ఊపేసింది.

ఈ రెండు తలల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అల్లిక ఒకటే. ఒకరికి అది పేరు తెచ్చింది, ఇంకొకరికి ఉద్యోగంలో సంజాయిషీ తెచ్చింది. అంతకన్నా అన్యాయం ఇంకోటుంది. ఎవరి పూర్వీకుల చేతుల్లో ఆ అల్లిక పుట్టిందో వాళ్ళే దాన్ని తెల్లనటి దగ్గర కాపీ కొట్టినట్టు కోర్టు రికార్డులో మిగిలిపోయింది. సొమ్ము పోయినవాళ్ళనే దొంగలుగా నమోదు చెయ్యటం లాంటిది ఇది.

ఒక జాతి సంస్కృతిని ఇంకో జాతి ‘సొంతం చేసుకోవటం’ గురించి పాశ్చాత్య దేశాల్లో చాలాకాలంగా వాదోపవాదాలు నడుస్తున్నాయి. మన దగ్గర ఈ మాట వినగానే వచ్చే మొదటి స్పందన విసుగు. తిండిలేక, పనిలేక ఆడవాళ్ళు అల్లాడుతుంటే జడల గురించీ బట్టల గురించీ చర్చలేమిటని కార్యకర్తలే అడుగుతారు. జీన్స్ మనం వేసుకోవటం లేదా, చీర వాళ్ళు కట్టుకుంటే మనం సంతోషించటం లేదా అని ఇంకొందరు అంటారు. ఈ ప్రశ్నల్ని తీసిపారెయ్యకుండా, విషయాన్ని మొదటి నుంచీ చూద్దాం. ఎందుకంటే ఇది జడతో మొదలై కూలి దగ్గరికీ, కోర్టు దగ్గరికీ, క్యాన్సర్ దగ్గరికీ వెళుతుంది. చివరికి మన ఏలూరు దగ్గరికీ వస్తుంది.

బానిస వ్యాపారం కాలంలో ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన మనుషులకు తల గొరిగించేవాళ్ళు. శుభ్రత కోసమన్నారు గానీ, పశ్చిమాఫ్రికాలో చాలా తెగల్లో అల్లికను బట్టి మనిషి ఏ ఊరో, పెళ్ళయిందో లేదో, ఏ హోదాలో ఉందో తెలిసేది. తల గొరిగించటమంటే ఆ ఆనవాళ్ళన్నీ చెరిపెయ్యటం. తోటల్లో ఆరు రోజుల చాకిరీ తర్వాత ఆదివారం నాడు ఒకరి తల ఒకరు దువ్వుకుని అల్లుకోవటమే ఆ ఆడవాళ్ళకు మిగిలిన కాస్త తీరిక. సురినామ్ అడవుల్లోకి తప్పించుకుపోయి స్వతంత్రంగా బతికిన మరూన్ల కుటుంబాల్లో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారు. తమ అవ్వలు పారిపోయేటప్పుడు జుట్టులో వడ్లగింజలు దాచుకుని తెచ్చారనీ, ఆ విత్తనంతోనే తమ పొలాలు మొదలయ్యాయనీ. కథలో ఎంత చరిత్ర ఉందన్నది పండితుల చర్చ. జుట్టును వాళ్ళు దేనితో ముడిపెట్టుకున్నారో మాత్రం ఈ కథ చెబుతుంది.

జుట్టు మీద చట్టం రావటం కూడా పాత సంగతే. లూసియానా అప్పుడు స్పెయిన్ పాలనలో ఉండేది. 1786లో అక్కడి గవర్నరు ఎస్తెబాన్ మీరో, నల్లజాతి, మిశ్రజాతి స్వతంత్ర స్త్రీలు ఈకలూ నగలూ పెట్టి జుట్టు అలంకరించుకోకూడదనీ, తలకు గుడ్డ కట్టుకోవాలనీ ఉత్తర్వు వేశాడు. బానిసలు కానివాళ్ళను కూడా బానిస స్త్రీలలాగే కనపడేట్టు చెయ్యటం దాని ఉద్దేశం. ఆ ఆడవాళ్ళు ఉత్తర్వును పాటించారు, కానీ తమ పద్ధతిలో. ఆ గుడ్డనే రంగురంగుల్లో ఎంచి, ఎత్తుగా, సొగసుగా చుట్టుకున్నారు. తిన్యోఁ అని పిలిచే ఆ తలగుడ్డ వాళ్ళ గుర్తుగా మారింది. అందుకు ఎక్కువగా వాడిన గళ్ళ గుడ్డ పేరు మద్రాస్. అది మన కోరమాండల్ తీరంలోని మగ్గాల మీద నేసినది. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాం.

బానిసత్వం రద్దయినా జుట్టు మీద తీర్పు రద్దు కాలేదు. మంచి జుట్టు అంటే తెల్లవాళ్ళ జుట్టులాగా జారిపోయేది, చెడ్డ జుట్టు అంటే పొట్టిగా చుట్టలు తిరిగేది అన్న కొలత నల్లజాతి ఇళ్ళలోకి కూడా దూరింది. దక్షిణాఫ్రికాలో 1950 తర్వాత జనాన్ని చట్టప్రకారం జాతులుగా విడగొట్టినప్పుడు, అనుమానం వచ్చిన మనిషి జుట్టులో అధికారులు పెన్సిలు గుచ్చి చూసేవాళ్ళు. పెన్సిలు జారి కిందపడితే ఒక జాతి, నిలిస్తే ఇంకో జాతి. ఎక్కడ ఉండాలి, ఏ బడికి పోవాలి, ఎవర్ని పెళ్ళాడాలి అన్నవి ఆ పెన్సిలు మీద ఆధారపడ్డాయి. ఒకే ఇంట్లో పిల్లలు వేరువేరు జాతులుగా నమోదైన సందర్భాలున్నాయి.

1960ల్లో నల్లజాతి ఉద్యమాలు ఈ కొలతను తిప్పికొట్టాయి. జుట్టును సాగదియ్యకుండా, కాల్చకుండా, ఎలా పెరిగితే అలా గుండ్రంగా పెంచుకోవటం ఒక రాజకీయ ప్రకటన అయింది. దాన్ని ఆఫ్రో అన్నారు. 1970లో ఏంజెలా డేవిస్ కోసం ఎఫ్‌బీఐ వాంటెడ్ పోస్టరు వేసినప్పుడు ఆమె జుట్టుతో పాటు ఆ బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. అలాంటి జుట్టున్న నల్లజాతి స్త్రీలెందర్నో పోలీసులు ఆపి వేధించారని ఆమే తర్వాత రాసింది. 1994లో ఒక ఫ్యాషన్ పత్రిక ఆమె అరెస్టు దృశ్యాలను మోడల్‌తో మళ్ళీ ఫోటోలు తీసి బట్టల ప్రకటనగా వేసుకుంది. విముక్తి రాజకీయాలను చివరికి ఒక జుట్టు ఫ్యాషన్‌గా కుదించేశారని ఆమె ఆ ఏడాదే ఒక వ్యాసంలో బాధపడింది. ‘సొంతం చేసుకోవటం’ అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. జైలుకి వెళ్ళినది ఒకరు, ఆ జైలు ఫోటో సోకుతో సరుకు అమ్ముకున్నది ఇంకొకరు. మధ్యలో జాగ్రత్తగా తీసేసినది రాజకీయం.

మార్కెట్ పద్ధతే ఇది. ఒక అణగారిన సమూహం కష్టంలోంచి ఒక రూపాన్ని తయారు చేసుకుంటుంది. ఆ రూపం వాళ్ళ మీద ఉన్నంతకాలం మొరటు, మురికి, నేరగాళ్ళ వేషం. అదే రూపం ఆధిపత్య జాతి శరీరం మీదికి ఎక్కగానే కొత్త, సాహసం, స్టైల్. 2016 సెప్టెంబరులో న్యూయార్క్ ఫ్యాషన్ ప్రదర్శనలో మార్క్ జేకబ్స్ అనే డిజైనరు రంగు ఉన్నితో చేసిన జడలు కట్టిన జుట్టు, అంటే డ్రెడ్‌లాక్స్, పెట్టి మోడళ్ళను నడిపించాడు. వాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు. అదే నెలలో అదే దేశంలో ఇంకొక తీర్పు వచ్చింది. 2010లో అలబామా రాష్ట్రంలోని మొబిల్ పట్నంలో ఒక నల్లజాతి యువతికి కంపెనీలో ఫోన్లు తీసుకునే ఉద్యోగం వచ్చింది. డ్రెడ్‌లాక్స్ తీయించుకుంటేనే చేర్చుకుంటామన్నారు. ఆమె ఒప్పుకోలేదు, ఉద్యోగం పోయింది. ప్రభుత్వ సంస్థే ఆమె పక్షాన కేసు వేసింది. 2016 సెప్టెంబరులో అప్పీలు కోర్టు కంపెనీ వైపే నిలిచింది. 1981లో చెప్పిన మాటే మళ్ళీ చెప్పింది: కేశాలంకరణ మార్చుకోగలిగినది, కాబట్టి అది జాతి కాదు. 2018లో సుప్రీంకోర్టు ఆ కేసును తీసుకోనే లేదు. ఉన్ని జడలు ఒక సాయంత్రానికి వేదిక ఎక్కి దిగిపోయాయి. సొంత జుట్టు ఉన్న అమ్మాయి ఫోన్ వెనక కనపడకుండా కూచునే కొలువుకి కూడా పనికిరాలేదు.

బట్టల విషయంలోనూ ఇదే కథ నడిచింది. డాపర్ డాన్ పేరుతో ప్రసిద్ధుడైన నల్లజాతి దర్జీ 1982లో న్యూయార్క్‌లోని హార్లెమ్‌లో దుకాణం పెట్టాడు. పెద్ద విదేశీ కంపెనీల ముద్రల్ని తోలు మీద తనే అచ్చువేసి, ఆ కంపెనీలు ఎన్నడూ కుట్టని కోట్లూ జాకెట్లూ కుట్టాడు. ర్యాప్ గాయకులూ, బాక్సర్లూ, ఆటగాళ్ళూ ఆయన దగ్గర కుట్టించుకున్నారు. ట్రేడ్‌మార్క్ దొంగతనమని కంపెనీలు కేసులు పెట్టి, దాడులు చేయించి 1992కల్లా ఆ దుకాణం మూయించాయి. పాతికేళ్ళ తర్వాత, 2017లో, గూచీ కంపెనీ తన ప్రదర్శనలో చూపించిన ఒక జాకెట్, 1980ల్లో డాపర్ డాన్ ఒక నల్లజాతి క్రీడాకారిణికి కుట్టిన జాకెట్‌ను చూసి చేసినదే. గొడవ లేచాక కంపెనీ ఆయనతో ఒప్పందం చేసుకుంది. ఆయన చేసినదాన్ని దొంగతనమని చట్టం అంది. కంపెనీ చేసినదాన్ని నివాళి అని కంపెనీ అంది. ఆ ఒప్పందం కూడా జనం నిలదియ్యటం వల్లే వచ్చిందన్నది మనం గమనించాలి.

ఇప్పుడు అభ్యంతరాల దగ్గరికి వద్దాం. మొదటిది, సంస్కృతి ఎవరి సొత్తూ కాదు, ఇచ్చిపుచ్చుకోవటాలతోనే అది పెరుగుతుంది అన్నది. నిజమే. పైన చెప్పిన మద్రాస్ గుడ్డనే చూడండి. మన చీరాల ప్రాంతపు మగ్గాల మీద నేసిన గళ్ళ రుమాళ్ళు నైజీరియాకు ఎగుమతయ్యేవి. నైజర్ నది ముఖద్వారంలో ఉండే కాలబారి జాతి ప్రజలు ఆ గుడ్డను తమ పుట్టుకలకూ చావులకూ కావలసిన పవిత్రమైన బట్టగా చేసుకున్నారు. వాళ్ళ ఆడవాళ్ళు ఆ గుడ్డలోంచి ఎంచిన పోగుల్ని బ్లేడుతో కోసి, లాగేసి, గళ్ళ స్థానంలో తమవైన కొత్త నమూనాలు తీస్తారు. వేరేచోటి వస్తువును తమ జీవితంలోకి ఇముడ్చుకోవటం ఇది. దీన్ని పరిశీలించిన సమాజ శాస్త్రజ్ఞులు ప్రత్యేకంగా పేరు పెట్టి మరీ మెచ్చుకున్నారు. ఈ మార్పిడిలో చీరాల నేతగాడు అవమానపడలేదు. అతని గుడ్డ కట్టుకున్నందుకు అతన్నే ఎవరూ ఉద్యోగంలోంచి తియ్యలేదు.

అయితే అదే తీరపు బట్టకు ఇంకో చరిత్ర ఉంది. కోరమాండల్ తీరంలో నేసిన బట్టల్ని యూరపు కంపెనీలు ఓడలకెత్తి పశ్చిమాఫ్రికా తీరంలో మనుషుల్ని కొనటానికి మారకంగా వాడాయి. మన నేతగాళ్ళ శ్రమ వాళ్ళకు తెలియకుండానే బానిస వ్యాపారపు తక్కెడలో బరువైంది. గుడ్డ ఒకటే. ఒకచోట ఇద్దరి మధ్య మర్యాదగా చేతులు మారింది, ఇంకోచోట మనిషికి వెల కట్టింది. కాబట్టి తీసుకోవటం తప్పా ఒప్పా అన్నది అసలు ప్రశ్న కాదు. తీసుకునేవాళ్ళ చేతిలో ఏ అధికారం ఉంది, ఇచ్చినవాళ్ళకు కాదనే హక్కు ఉందా, లాభం ఎవరికి పోయింది, శిక్ష ఎవరి మీద పడింది అని అడగాలి.

రెండో అభ్యంతరం ఇంకా తరచుగా వినిపిస్తుంది. నల్లజాతి స్త్రీలు కూడా జుట్టు సాగదీసుకుని తెల్లవాళ్ళలాగా కనపడాలనుకుంటున్నారు కదా, వాళ్ళది మాత్రం కాపీ కాదా అని. ఉద్యోగం నిలుపుకోవటానికి వేసుకున్న వేషాన్నీ, సరదాకి వేసుకున్న వేషాన్నీ ఒకే గాటన కట్టటమిది. 2014లో అమెరికా సైన్యం స్త్రీల జుట్టు మీద ఇచ్చిన నిబంధనల్లో మెలితిప్పిన పాయల్నీ, డ్రెడ్‌లాక్స్‌నీ నిషేధించి, ఆ జుట్టు తీరుకు చింపిరి, చిక్కుపడినది అన్న అర్థం వచ్చే మాటలు వాడింది. నల్లజాతి స్త్రీ ప్రతినిధులు పార్లమెంటులో నిలదీస్తే ఆ మాటలు తీసేశారు. డ్రెడ్‌లాక్స్ మీద నిషేధం 2017 వరకూ పోలేదు. 2016 ఆగస్టులో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా బాలికల హైస్కూల్లో నల్లజాతి పిల్లలు ఆఫ్రో జుట్టుతో రాకూడదన్న వేధింపుకు ఎదురుతిరిగి ఊరేగింపు తీశారు. వర్ణవివక్ష ప్రభుత్వం పోయి ఇరవై రెండేళ్ళయ్యాక జరిగిన సంగతి ఇది. సొంత జుట్టుతో బడికీ, కొలువుకీ పోలేని పరిస్థితిలో సాగదీయటాన్ని స్వేచ్ఛగా చేసిన ఎంపిక అనగలమా?

ఆ ఎంపికకు శరీరం చెల్లించే ధర కూడా ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు దాదాపు 33,500 మంది స్త్రీలను పదకొండేళ్ళపాటు గమనించి 2022 అక్టోబరులో ఫలితాలు ప్రకటించారు. జుట్టును సాగదీసే రసాయనాలు ఎన్నడూ వాడనివాళ్ళలో 70 ఏళ్ళ వయసుకి గర్భాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం 1.64 శాతమని అంచనా వేస్తే, తరచుగా వాడేవాళ్ళలో అది 4.05 శాతం. రసాయనాలే కారణమని ఈ ఒక్క పరిశోధనతో తేలిపోలేదు. కానీ ఆ రసాయనాలు ఎక్కువగా, చిన్న వయసు నుంచే వాడేది నల్లజాతి స్త్రీలేనని అందులోనే ఉంది. అందం గురించిన తీర్పు ఆసుపత్రి దాకా ఎలా నడిచి వెళుతుందో చూడండి.

ఇక్కడ స్త్రీవాదులుగా మనకొక పాఠముంది. రోజర్స్ తన మీద జరిగినది నల్లజాతి స్త్రీగా జరిగిన వివక్ష అంది. కోర్టు దాన్ని విడగొట్టి చూసింది. మగవాళ్ళకీ ఇదే నిబంధన కాబట్టి స్త్రీ వివక్ష కాదు, తెల్లవాళ్ళకీ ఇదే నిబంధన కాబట్టి జాతి వివక్ష కాదు అంది. రెండూ కలిసిన చోట నిలబడ్డ మనిషి కనిపించకుండా పోయింది. తనే జడలు అల్లుకునే నల్లజాతి న్యాయశాస్త్ర అధ్యాపకురాలు పాలెట్ కాల్డ్‌వెల్ 1991లో ఈ తీర్పును తీసుకునే తన ప్రసిద్ధమైన వ్యాసం రాసింది. దళిత స్త్రీ కేసు కోర్టుకెక్కినప్పుడు ఒకసారి కులం, ఇంకోసారి ఆడతనం విడివిడిగా జారిపోవటం చూసిన మనకు ఈ తర్కం కొత్తది కాదు.

చట్టం మారుతోంది, నెమ్మదిగా. 2019లో కాలిఫోర్నియా రాష్ట్రం క్రౌన్ చట్టం తెచ్చి, జాతితో ముడిపడిన జుట్టు తీరు మీద వివక్ష కూడా జాతి వివక్షే అని స్పష్టం చేసింది. ఆ తర్వాత ఇరవైకి పైగా రాష్ట్రాలు ఆ దారిలోకి వచ్చాయి. 2022 మార్చిలో దేశమంతటికీ వర్తించే బిల్లు దిగువ సభలో గెలిచి సెనేట్‌లో ఆగిపోయింది. టెక్సస్‌లో 2023 సెప్టెంబరులో చట్టం అమల్లోకి వచ్చిన ఆ రోజుల్లోనే ఒక నల్లజాతి విద్యార్థిని జుట్టు పొడుగుందని బడి నుంచి సస్పెండ్ చేశారు. చట్టం జడల గురించి చెప్పింది గానీ పొడవు గురించి చెప్పలేదని 2024 ఫిబ్రవరిలో జడ్జి బడి పక్షాన తీర్పిచ్చాడు. చట్టం వచ్చాక దాని కంతల కోసం వెతకటం మన వరకట్న, గృహహింస కేసుల్లో మనం చూస్తున్నదే.

ఇక మన ఏలూరు సంగతి. నా చిన్నప్పుడు మధ్యాహ్నం పూట చిక్కు వెంట్రుకలకు పిన్నీసులూ, స్టీలు గిన్నెలూ ఇస్తామంటూ వీధిలో కేకలు వినిపించేవి. మా అమ్మ దువ్వెనకు వచ్చిన వెంట్రుకల్ని చుట్టగా చుట్టి చూరులో దోపి ఉంచేది. వాటితో సవరాలు కడతారని మాత్రమే మాకు తెలుసు. ఆ చుట్ట ఎంత దూరం పోతుందో తెలియదు. తిరుమల కల్యాణకట్టలో మొక్కు తీర్చుకున్న స్త్రీల తలనీలాలు దేవస్థానం వేలం వేస్తుంది. ఏలూరులాంటి చోట్ల వాటిని విడదీసి, కడిగి, పొడవు ప్రకారం కట్టలు కట్టి ఎగుమతి చేసే కంపెనీలున్నాయి. అమెరికాలో నల్లజాతి స్త్రీలు పెట్టుకునే ఖరీదైన సవరాల్లో మన దేశపు వెంట్రుకలున్నాయి. అమెరికన్ నటుడు క్రిస్ రాక్ 2009లో తీసిన ‘గుడ్ హెయిర్’ డాక్యుమెంటరీ, తన చిన్న కూతురు తనకు మంచి జుట్టెందుకు లేదని అడిగిన ప్రశ్నతో మొదలై మన తిరుమల దాకా వస్తుంది.

ఈ గొలుసులో రెండు కొసలా ఆడవాళ్ళే ఉన్నారు. ఒక కొసన మొక్కు పేరుతోనో, గిన్నె కోసమో జుట్టు ఇచ్చిన స్త్రీ. ఆమెకు దాని ధర తెలియదు. ఇంకో కొసన తన జుట్టు పనికిరాదని చిన్నప్పటి నుంచీ విన్న స్త్రీ. ఆమె తన జీతంలో పెద్ద భాగం దాని మీద పెడుతుంది. మధ్యలో గంటల తరబడి దుమ్ములో వంగి కూచుని చిక్కు తీసే మూడో స్త్రీ. లాభం ఈ ముగ్గురిలో ఎవరికీ చేరదు. తెల్లదనం ఒక కొలతగా ఉన్నంతకాలం ఈ వ్యాపారానికి గిరాకీ తగ్గదు. అందుకని ఇది దూరదేశపు విషయమని మనం పక్కన పెట్టలేం.

అమెరికాలో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాలకు కూడా ఇక్కడొక బాకీ ఉంది. ఆసియా వాళ్ళకు దాదాపు మూసి ఉన్న తలుపులు తెరిచిన 1965 వలస చట్టం, నల్లజాతి ప్రజలు రోడ్ల మీద దెబ్బలు తిని నడిపిన పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన మార్పులో భాగం. ఆ తలుపులోంచే మన డాక్టర్లూ ఇంజనీర్లూ వెళ్ళారు. వాళ్ళ పిల్లలు నల్లజాతి సంగీతాన్నీ, వేషాన్నీ, మాటతీరునీ ఇష్టపడుతున్నారంటే మంచిదే. కానీ అదే ఇంట్లో నల్లవాళ్ళున్న పేటలో ఇల్లు కొనద్దనీ, వాళ్ళతో స్నేహం వద్దనీ చెబుతుంటే, ఆ ఇష్టం మనుషుల్ని వదిలేసి వాళ్ళ సరుకును మాత్రం తెచ్చుకోవటమే అవుతుంది.

ఇంటి దగ్గర మనం చేసే పని కూడా ఒకసారి చూసుకోవాలి. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట పేరు ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. నిజాం సైన్యంలో పనిచేసిన ఆఫ్రికా సంతతి సిద్దీల వారసులు అక్కడున్నారు. వాళ్ళూ, అరబ్బు సంతతి వాళ్ళూ ఈ నగరానికి ఇచ్చిన మర్ఫా దరువు లేకుండా ఇక్కడ పెళ్ళి ఊరేగింపు కదలదు. తీన్‌మార్‌కి చిందులేసే మనలో ఎంతమందికి ఆ మనుషుల ఇళ్ళు తెలుసు? కాలేజీ వార్షికోత్సవంలో అద్దాల లంగా, రవిక వేసుకుని లంబాడీ నాట్యం చేసే పిల్లలకి చప్పట్లు కొడతాం. అదే బట్టతో తండా నుంచి వచ్చిన స్త్రీ బస్సులో పక్కన కూచుంటే జరిగి కూచుంటాం. ఆమె కూతురు చదువుకుని ఆ బట్ట విడిచిపెట్టాకనే ఉద్యోగానికి పనికొస్తుంది. ఆ బట్ట మాత్రం అద్దాల షాపుల్లో రేటు పెరిగి వేలాడుతుంది. ఉంగరాల జుట్టున్న మా హాస్టలు స్నేహితురాలిని ఏం పేరు పెట్టి పిలిచేవాళ్ళమో నాకు గుర్తుంది. ఆ పిలిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ మధ్య కలిస్తే, పెళ్ళిచూపులకు ముందు నెలకోసారి ఆమె జుట్టు సాగదీయించేవాళ్ళని చెప్పింది.

ఏ ఆడపిల్ల ఏ జడ వేసుకోవాలో శాసించటానికి ఈ మాటలన్నీ రాయటం లేదు. ఆడవాళ్ళ శరీరాల మీద కాపలా కాసేవాళ్ళు ఇప్పటికే కావలసినంత మంది ఉన్నారు, వాళ్ళ సరసన మనం చేరనక్కర్లేదు. కార్న్‌రోస్ వేసుకున్న పద్దెనిమిదేళ్ళ తెల్లపిల్లను తిట్టినంత మాత్రాన రెనీ రోజర్స్‌కి న్యాయం జరగదు. ఆ కోపం నిబంధన రాసిన యాజమాన్యం మీదికీ, దాన్ని సమర్థించిన కోర్టు మీదికీ, ఆ రూపాన్ని అమ్ముకుని మనుషుల్ని గేటు బయట నిలబెట్టే కంపెనీల మీదికీ మళ్ళాలి. వేసుకునేవాళ్ళ నుంచి మనం ఆశించేది ఇంతే: ఎవరి దగ్గర నేర్చుకున్నారో పేరు చెప్పాలి, వాళ్ళకు కూలి దక్కేలా చూడాలి, వాళ్ళను గేటు దగ్గర ఆపినప్పుడు నోరు విప్పాలి.

సంఘాల్లో పనిచేసే మిత్రులకు ఒక సూచన. మీ సమావేశాల్లో ఈ విషయం చర్చకు పెట్టినప్పుడు అమెరికా నుంచి మొదలుపెట్టనక్కర్లేదు. ఉద్యోగానికో, బడికో, పెళ్ళిచూపులకో వెళ్ళేటప్పుడు తమ జుట్టునీ, బట్టనీ, యాసనీ దేన్ని దాచుకోవలసి వచ్చిందో ఒక్కొక్కరినీ చెప్పమనండి. తర్వాత, వాళ్ళు దాచుకున్నది ఇప్పుడు ఏ దుకాణంలో, ఏ వేదిక మీద, ఎవరి పేరుతో అమ్ముడుపోతోందో అడగండి. మన బడుల్లో, ఆఫీసుల్లో, హాస్టళ్ళలో ‘నీటుగా ఉండాలి’ అనే నిబంధన ఎవర్ని చూసి రాశారో, ఎవర్ని బయట పెడుతోందో కూడా రాసుకోండి. తర్వాతి సంచికల్లో ఆ అనుభవాలు ప్రచురించాలని మా కోరిక. ఏలూరు, చీరాల ప్రాంతాల్లో పనిచేస్తున్న మిత్రులు వెంట్రుకల గోడౌన్లలో పనిచేసే స్త్రీల కూలి రేట్లూ, పనిగంటలూ, ఆరోగ్య సమస్యలూ సేకరించి పంపితే ఈ చర్చకు గట్టి పునాది పడుతుంది. జడ విప్పితే ఇంత దారి ఉందని తెలిశాక, సగంలో ఆపటం మనకు తగదు.